నొసటి బొట్టు, దాని వెనుక జిగురు

రసాయనద్రవ్యములను గూర్చి వ్రాయుటకు మాకేమి యర్హత కలదని మీరు ప్రశ్నింపవచ్చును. మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. తండ్రిగారు ఇంట కూర్చుండబెట్టి చెప్పిన నాలుగు కావ్యములు, భాగవతము, కొంచెము అమరము, ఇవియే మా చదువు. మా యింటివారు ఉపాధ్యాయులు. మా యూరు పల్నాడు జిల్లాలోని నాదెండ్ల. మిరపకును, ప్రత్తికిని పేరుపడిన నల్లరేగడి సీమ ఇది. ఇచ్చటి ఆడువారికి పురుగుమందు వాసన తెలియును. దాని డబ్బాను బిడ్డలకందని చోట నుంచవలెనని తెలియును. ఆ డబ్బాలు కొన్నిటిమీద పుఱ్ఱె బొమ్మయైన నుండును. బొట్టుబిళ్లల అట్టమీద లక్ష్మీదేవి బొమ్మ యుండును. ఆ రెండవదానిని కూడ వెనుకకు త్రిప్పి చూడవలెనని మాకెవ్వరును చెప్పలేదు. మా యింటి యాడపిల్ల నొసలే మాకు చెప్పినది.

ఆమె మా ఆడపడుచు. పేరు వ్రాయము. వయస్సు ఇరువదిరెండు. పట్టపరీక్ష ముగించి ఇంటనున్నది. పదునాలుగవ యేటినుండియు ఆమెకు అంటించు బిళ్లలే యలవాటు. స్నానమునకు పోవునప్పుడు తీసి అద్దమున కంటించుట, వచ్చిన తరువాత మరల దానినే నొసట నంటించుట. మా స్నానాలగది యద్దము ఎల్లప్పుడును నక్షత్రములు పొడిచిన ఆకాశమువలె నుండెడిది. మీ యిండ్లలోను అట్లే యుండునని మా నమ్మకము. రాత్రి నిద్రలోను ఆమె బిళ్ల తీయదు. ముఖము బోసిగా నుండునని భయము.

రెండేండ్ల క్రిందట వేసవిలో ఆ బిళ్ల క్రింద దురద పుట్టినది. చెమటకాయ లనుకొని యూరకుండెను. కొన్నాళ్లకు దురద తగ్గి, ఆ చోట నువ్వుగింజంత తెలుపు కనబడినది. అప్పుడామె యేమి చేసెను? ఏ యాడపిల్లయైనను చేయునదియే చేసెను. కొంచెము పెద్ద బిళ్ల పెట్టెను. తెలుపు పెసరగింజంత యైనది. ఇంకను పెద్ద బిళ్ల పెట్టెను. తెలుపు చింతగింజంత యైనది. దాచుటకు తెచ్చిన వస్తువే దానిని పెంచుచున్నదని ఆమెకు తెలియదు. మాకైతే ఆ తెలుపు సంగతియే తెలియదు. ఎనిమిది నెలలు ఎదురెదురు పీటలపై కూర్చుండి భుజించుచును మేము చూడలేదు. ఈ మాట వ్రాయుటకు సిగ్గుగానే యున్నది.

ఇంతలో సత్తెనపల్లి వైపునుండి సంబంధ మొకటి వచ్చినది. పెండ్లిచూపులకు వచ్చిన ఇల్లాలు మంచి మనిషి, కట్నములమాట యెత్తలేదు. లేచి వెళ్లుటకు ముందు భరిణె చేతికి తీసికొని, "ఆ స్టిక్కరు తీసెయ్యి తల్లీ, నా చేత్తో కుంకుమ పెడతాను" అన్నది. ఆమె ముద్దునకే యన్నది. మా పిల్ల చేయి నొసటికి పోయి ఆగిపోయినది. ఆవిడయే నవ్వుచు బిళ్లను తీసినది.

ఆ గదిలో ఒక నిమిషము వరకు ఎవ్వరును మాటలాడలేదు. ఆవిడ కుంకుమ పెట్టియే వెళ్లినది; ఆ మర్యాద తప్పలేదు. రెండు దినముల తరువాత మధ్యవర్తి వచ్చి, "మీ వంశంలో బొల్లి ఎవరికైనా ఉన్నదా అని అడగమన్నారండీ" అని చెప్పి తలవంచుకొన్నాడు.

ఆ రాత్రి వంటింటిలో మా పిల్ల, "వదినా, నేనే దాచాను. అన్నయ్యతో చెప్పవద్దు" అని యేడ్చినది. చెప్పకుండ నెట్లుండును? మరునాటి యుదయమే ముగ్గురమును గుంటూరు బస్సెక్కితిమి.

అచ్చటి చర్మవైద్యురాలు ముందు ఒంటిమీద మఱి యెక్కడనైన మచ్చలు కలవా యని యడిగి చూచినది. లేవు. దూదికొనతో నొసటిని తాకి స్పర్శ తెలియుచున్నదా యని యడిగినది. తెలియుచున్నది. తరువాత, "నువ్వు పెట్టుకునే బిళ్లలు తెచ్చావా, అమ్మా?" అని యడిగినది. సంచిలో అట్ట యుండనే యున్నది. దానినుండి యొక బిళ్ల తీసి మచ్చపై నుంచినది. అచ్చుగుద్దినట్లు సరిపోయినది. పిదప దానిని వెనుకకు త్రిప్పి, ఆ తెల్లని జిగురును గోటితో చూపి, "నీ వంశాన్ని కాదమ్మా, దీని వంశాన్ని అడగాలి" అన్నది. ఆ మాట విన్న తరువాతనే మాకు ఊపిరి వచ్చినది.

ఆమె చెప్పినదియు, తరువాత మా యింటివారు తెచ్చిన పుస్తకములలో చదువుకొన్నదియు మాకు తెలిసినంత సులభముగా వ్రాసెదము. మన చర్మములో రంగునిచ్చు కణములు కలవు. అవి టైరోసిన్ అను పదార్థమును గ్రహించి దానినుండి నల్లని వర్ణద్రవ్యమును, అనగా మెలనిన్‌ను, తయారుచేయును. కొన్ని బిళ్లల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అను రసాయన ముండును. చెప్పులు, తోలుసంచులు అతికించు జిగురులలోను ఈ జాతి ద్రవ్యమే వాడుదురు. దాని నిర్మాణము ఇంచుమించు టైరోసిన్ పోలికలో నుండుటచే, రంగుకణము దానిని తన యాహారమని భ్రమించి లోనికి గ్రహించును. లోపల అది విషముగా మారి ఆ కణమునే చంపును. భాగవతము చదివిన సోదరీమణులకు పూతన కథ జ్ఞాపకమునకు రాక మానదు. అయితే అచ్చట బాలుడు కృష్ణుడు. ఇచ్చటి కణములకు అట్టి శక్తి లేదు.

అందఱికిని ఇట్లగునని కాదు. ఒకే అట్టలోని బిళ్లలు వాడిన అక్కచెల్లెండ్లలో ఒకరికి మచ్చ వచ్చి, ఒకరికి రాకపోవచ్చును. కొందఱికి ఎఱ్ఱనై దురదపుట్టి తరువాత తెలుపగును. కొందఱికి దురదయే లేకుండ తెలుపగును. కొందఱికి బిళ్ల తగులని చోటులకును మచ్చ ప్రాకవచ్చును. మానివేసి వైద్యము చేయించుకొన్నచో చాలమందికి రంగు తిరిగి వచ్చును. అది తొందరగా వచ్చునది కాదు. వచ్చినను పూర్తిగా వచ్చునన్న హామీ లేదు.

ఈ సందర్భముననే మఱియొకమాట. బొల్లి అంటురోగము కాదు, పాపఫలమును కాదు. తెల్లనిమచ్చ యేదైనను కుష్ఠని భయపడువారు మా యూర నింకను కలరు. కుష్ఠుమచ్చలో స్పర్శ తగ్గును, బొల్లిమచ్చలో తగ్గదు. కుష్ఠునకైనను నేడు పూర్తిగా నయముచేయు మందులు ఉచితముగా దొరకుచున్నవి. కాబట్టి మచ్చ కనబడినప్పుడు పెద్ద బొట్టు వెదకుకొనక, అంగడివాడు చెప్పిన గొట్టపుమందు రాయక, వైద్యులకు చూపవలెను. మా పిల్లయు మాకు చెప్పక ముందు అట్టి గొట్టము లొకటి రెండు రాసినదట.

ఇది క్రొత్తగా పుట్టిన యుపద్రవము కాదు. 1939లోనే అమెరికాలోని యొక తోళ్ల కర్మాగారములో పనివారి చేతులు తెల్లబడుట చూచి వైద్యులు విచారించిరి. వారు తొడుగుకొనిన రబ్బరు చేతితొడుగులలో, రబ్బరు చెడిపోకుండుటకై కలిపిన మోనోబెంజైల్ ఈథర్ ఆఫ్ హైడ్రోక్వినోన్ అను ద్రవ్యము దానికి కారణమని తేలినది. ఆ తరువాత అనేక దేశములలో కర్మాగారముల పనివారియందు, మన దేశమున బొట్టుబిళ్లలు పెట్టుకొను స్త్రీలయందు, రబ్బరు చెప్పులు తొడుగు పాదములయందు ఇట్టి మచ్చలను వైద్యులు చూచి వ్రాసిరి. వైద్యుల పత్రికలలో ఇన్నియేండ్లుగా నున్న సంగతి నాదెండ్ల అంగడివీథికి రాలేదు. తెలిసినవారికిని వాడువారికిని నడుమ ఇంత దూర మేల యుండవలెనో మాకు బోధపడలేదు.

జపానులో జరిగినది వినుడు. అచ్చట ముఖమును తెల్లబరచునని రోడోడెనాల్ అను ద్రవ్యమును లేపనములలో వాడిరి. ప్రభుత్వము పరీక్షించి యనుమతించిన వస్తువే యది. 2013లో చర్మవైద్యులు తమయొద్దకు వచ్చిన రోగులను చూచి హెచ్చరించుటతో ఆ లేపనములన్నిటిని అంగళ్లనుండి వెనుకకు తెప్పించిరి. వానివలన నష్టపడినవారు 19,000కు పైగా నుండిరి. అనుమతి యిచ్చిన దేశముననే ఇట్లు జరిగినది. కాని యొక భేదము గమనింపుడు. అచ్చట వస్తువు పేరు, అందులోని ద్రవ్యము పేరు, కొన్నవారి జాడ తెలిసియున్నందున దానిని వెనుకకు తెప్పింపగలిగిరి. మా పిల్ల నొసటిమీది బిళ్లను ఎవరు చేసిరో అట్టమీద లేదు. ఎవరు ఎవరిని హెచ్చరించవలెను?

తెల్లదనము మాట వచ్చినది కనుక ముఖలేపనముల సంగతియు చెప్పవలెను. కేరళములో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లోని వైద్యులు 2021 మొదలు 2023 వరకు మూత్రపిండముల వ్యాధితో వచ్చినవారిని పరిశీలించుచు, వారిలో పలువురు చర్మమును తెల్లబరచు లేపనములు వాడినవారని కనుగొనిరి. ఆ లేపనములలో పాదరసము కలదు. పాదరసము చర్మములో మెలనిన్ తయారగుటను అడ్డగించును గనుక ముఖము తెల్లనగును. అదియే చర్మముగుండ రక్తములో ప్రవేశించి మూత్రపిండములను చెఱచును. మూత్రము నురుగు కట్టుట, కాళ్లు వాచుట మొదటి గుర్తులు. వాడుక మాని చికిత్స పొందినవారిలో చాలమంది కోలుకొనిరి. పెండ్లికి ముందు నెలదినములలో తెల్లబడవలెనని తొందరపడు పిల్లలున్న యిండ్లలో ఈ పేరా గట్టిగా చదివి వినిపింపుడు.

పూర్వులదంతయు నిర్దోషము, క్రొత్తదంతయు దోషము అని మేము చెప్పబోము. కావ్యములలోని నాయికలకు కస్తూరి, చందనము, లత్తుక ఉండిన మాట నిజమే. కాని పూర్వకాలపు సిందూరము ఎఱ్ఱసీసము. ఇంగిలీకము పాదరసపు ఖనిజము. సురుమా యని కంటికి పెట్టు కాటుకరాతిలో సీసము కలదు. మన యిండ్లలో ఆముదపు దీపపుమసిని నేతితో కలిపి పట్టు కాటుక వేఱు, తిరునాళ్లలో పొట్లము కట్టి యమ్ము సురుమా వేఱు. సీసము ఎంత తక్కువైనను బిడ్డల మెదడునకు చేటు. పసిబిడ్డ తల్లి నొసటి కుంకుమను వ్రేలితో తీసి నోట పెట్టుకొనుట మనము దినమును చూచు ముచ్చటయే గదా! ఆ కుంకుమ దేనితో చేసినదో తల్లికి తెలియవలదా?

నిజమైన కుంకుమ పసుపునుండియే పుట్టును. పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱనగుట హారతినీళ్లు కలుపు ప్రతి బాలికకును తెలిసినదే. వెలిగారము, పులుపు కలిసినను పసుపు ఎఱ్ఱనగును. అందుచేతనే మా అత్తగారి కాలములో పసుపుకొమ్ములను పగులగొట్టి, నిమ్మరసములో వెలిగారము, పటిక వేసి నానబెట్టి, నీడన ఆరబెట్టి, దంచి, వస్త్రగాళితము పట్టి, కొంచెము నూనె చేర్చి కుంకుమ చేసెడివారు. మేమును గత మాఘములో చేసి చూచితిమి. రంగు అంగడి కుంకుమవలె మండిపోవుచు నుండదు, కొంచెము ముదురు. పేరంటమునకు వచ్చినవారిలో ఒకావిడ "ఇదేమి కుంకుమండీ, ఇంత మబ్బుగా ఉన్నది?" అని యడిగినది. మండిపోవు రంగు పలుచోట్ల రంగుల కర్మాగారపు రసాయనముల వలన వచ్చినదని చెప్పితిమి. ఆవిడ నమ్మినట్లు తోచలేదు.

ఇంట చేసికొనుటయే మందని కొందఱందురు. మాకును మొదట అట్లే తోచినది. కాని మిరపకోతకు తెల్లవారకముందే బయలుదేరు కూలిస్త్రీ ఎప్పుడు పసుపుకొమ్ములు దంచుకొనును? ఆమె పది రూపాయల డబ్బీయే కొనును. ఆ డబ్బీ నిరపాయముగా నుండవలెనన్నచో అది ఆమె నేర్పువలన కాదు, శాసనమువలననే కావలెను. ఇంటిలోని పరీక్షలచేతను సీసము, పాదరసము, జిగురులోని ఫినాలు తెలియవు. వానిని పరిశోధనశాలయే తెలుపగలదు.

శాసనము లేదా? కలదు. 1940లో ఔషధములకై చట్టము పుట్టినది. 1962లో చేసిన సవరణచే సౌందర్యసాధనములు దానిలో చేరినవి. రంగుకొఱకు సీసము, పాషాణము కలిపిన సౌందర్యద్రవ్యములను తయారుచేయుట నిషిద్ధము. 2020 డిసెంబరులో వీనికై ప్రత్యేక నియమములు వచ్చినవి. పాదరసము పొరపాటున చేరినను పదిలక్షల భాగములలో ఒక భాగమునకు మించరాదని వానిలో నున్నది. కంటికి పెట్టువానికి మాత్రము 70 భాగముల వరకు సడలింపు ఇచ్చిరి. కంటికే ఎక్కువ సడలింపేమని మా యింటివారిని అడిగితిమి. సూక్ష్మజీవులు చేరకుండుటకై పూర్వము కంటి మందులందు పాదరసపు ద్రవ్యములు వాడెడివారట. పాదరసమును గూర్చిన మినమాట ఒడంబడికను మన దేశము 2018లో ధ్రువపఱచినది. ఆ ఒడంబడికలోని దేశములు 2023లో జెనీవాలో సమావేశమై, పాదరసము కలిపిన సౌందర్యద్రవ్యముల నన్నిటిని 2025తో ముగింపవలెనని నిశ్చయించినవి. కుంకుమకు, ద్రవరూపమైన బొట్టునకు, కాటుకకు, గోరింటపొడికి భారతీయ ప్రమాణములు వ్రాయబడియున్నవి. బొట్టు జిగురులోని ఆ పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాలును ఐరోపావారు సౌందర్యద్రవ్యములలో వాడగూడని వస్తువుల పట్టికలో చేర్చిరి.

మఱి లోప మెక్కడ? మేము చూచినంతలో ముఖ్యమైన దొకటి చెప్పెదము. సౌందర్యద్రవ్యపు డబ్బామీద అందలి పదార్థముల జాబితా అచ్చువేయవలెనని నియమము కలదు. మంచిదే. కాని 30 గ్రాములకు లోబడిన ఘనపదార్థములకు, 60 మిల్లీలీటర్లకు లోబడిన ద్రవములకు ఆ జాబితా అక్కరలేదని మినహాయింపు. చిన్న డబ్బీమీద చోటు చాలదని కాబోలు ఇట్లు చేసిరి. అక్కలారా, మీ అలమారు తెఱచి చూడుడు! కాటుకడబ్బీ ఎన్ని గ్రాములు? తిలకపు సీసా ఎన్ని మిల్లీలీటర్లు? కుంకుమ డబ్బీ? బొట్టుబిళ్లల అట్ట? మన ముఖముమీద దినమంతయు నుండు వస్తువులన్నియు ఆ మినహాయింపులోనే యున్నవి. సంవత్సరమునకు సరిపడు తలనూనెడబ్బామీద జాబితా యుండును. కంటిలో పెట్టు కాటుకమీద ఉండనక్కరలేదు.

ఇంకొకటి. తలవెండ్రుకలకు వేయు నల్లరంగులలో పారాఫినిలీన్‌డైయమీన్ అను ద్రవ్య ముండును. అది యున్న రంగుమీద, ముందు చర్మముపై కొంచెము రాసి పరీక్షించుకొనుడనియు, కనుబొమలకు, కనురెప్పల వెండ్రుకలకు రాయరాదు, గ్రుడ్డితనము కలుగవచ్చు ననియు హెచ్చరిక అచ్చువేయవలెను. ఆ హెచ్చరిక ఆంగ్లములోనే కాక స్థానికభాషలోను ఉండవలెనని మన నియమములలో కలదు. ఈ హెచ్చరిక వెనుక స్త్రీల కన్నీటి కథ యొకటి కలదు. అమెరికాలో 1933 ప్రాంతమున కనురెప్పలకు వేయు "లాష్ లూర్" అను రంగు అమ్ముచుండిరి. అందులో నున్నది ఈ ద్రవ్యమే. దానివలన ఒక స్త్రీ రెండుకన్నులును పోగొట్టుకొన్నది. ఆ రంగును అంగళ్లనుండి తీసివేయుటకు ఆనాటి చట్టములో అధికారమే లేదు, ఏలయన ఆ చట్టములో సౌందర్యద్రవ్యముల ప్రసక్తియే లేదు. అధికారులు ఆ స్త్రీ ఛాయాచిత్రములను, అట్టి మఱికొన్ని వస్తువులను ప్రదర్శనగా పెట్టి యూరూర చూపిరి. రూత్ లాంబ్ అను నామె 1936లో వానిని గూర్చి పుస్తకము వ్రాసినది. మహిళాసంఘములు పట్టు విడువక చట్టసభలకు ఉత్తరములు వ్రాసినవి. ఇంతలో 1937లో విషద్రవమున కలిపిన యొక మందు త్రాగి నూఱుమందికి పైగా మరణించిరి. అప్పటికి గాని 1938లో క్రొత్త చట్టము రాలేదు. ఆ చట్టముక్రింద మొదట పట్టుకొనబడిన వానిలో ఈ కనురెప్పల రంగు ఒకటి. అయినను తలవెండ్రుకల రంగులు మాత్రము హెచ్చరిక అచ్చువేసిన చాలునని తప్పించుకొన్నవి. వ్యాపారుల పలుకుబడి ఆ దేశమునను తక్కువది కాదు.

నల్లరంగునకు తెలుగులో హెచ్చరిక యుండవలెనని నియమము పెట్టగలిగినప్పుడు, బొట్టునకు కాటుకకు ఏల పెట్టరాదు? ఇదియే మా వాదము. జిగురు పేరు తెలిసిన చర్మవైద్యురాలు దానిని మానుమని చెప్పగలదు. పేరు లేనిచో పది రకములు మార్చి మార్చి పెట్టుకొనుచు పదింటిలోను అదే జిగురును అంటించుకొందుము. మా పిల్ల చేసిన దిదియే.

ఈ మాటయే మా వీథిలోని ఫ్యాన్సీ అంగడి శెట్టిగారితో అంటిమి. ఆయన కోపగింపలేదు. "మేష్టారమ్మగారూ, అయిదు రూపాయల అట్టకు పరీక్షలూ జాబితాలూ అంటే, అది పాతిక రూపాయలవుతుంది. కొనేవాళ్లు ఏమంటారు? నేను చేసేవాణ్ని కాదు గదా, మూట విప్పి అమ్మేవాణ్ని" అన్నాడు. ఆయన మాటలో కొంత నిజము కలదు. దోషము మూట విప్పినవానిది కాదు. కాని తయారుచేయు చోట ఒకసారి మంచి జిగురు వాడినచో అట్ట వెల ఎంత పెరుగును? జిగురు పేరు అచ్చువేయుటకు ఎంత సిరా కావలెను? లక్ష్మీదేవి బొమ్మకు చోటు దొరకినది గదా! ఇట్లనగా శెట్టిగారు నవ్వి, తన కొట్టులోని అట్టలన్నిటిని బల్లమీద పఱచి చూడనిచ్చినాడు. మేము త్రిప్పి చూచిన వానిలో ఒక్కదానిమీదను జిగురు పేరు లేదు. కొన్నిటిమీద చేసినవారి చిరునామాయు లేదు.

ఆ దినము సాయంకాలము మా యింటి వసారాలో కొందఱము కూడితిమి. అర్జీ వ్రాయుట మాకు క్రొత్త. నీళ్లకొఱకు, వీథిదీపముకొఱకు మగవారు వ్రాసిన అర్జీలు చూచితిమి కాని ఇట్టిది చూడలేదు. మా యింటివారు దిద్దెదమన్నారు, వలదంటిమి. మా భాషలోనే వ్రాసితిమి. డబ్బీ యెంత చిన్నదైనను అందలి ద్రవ్యముల పేర్లు, బొట్టుబిళ్ల వెనుక జిగురు పేరు తెలుగులో నుండవలెననియు. చేసినవారి పేరు, చిరునామా లేని సరకును తిరునాళ్లలో అమ్మనీయరాదనియు. కుంకుమ, కాటుక, సురుమాలను అంగళ్లనుండియు సంతలనుండియు తీసి పరీక్షించి, ఫలితములను ప్రజలకు తెలుపవలెననియు. పాదరసమునకు కంటిదగ్గర నిచ్చిన సడలింపును తీసివేయవలెననియు కోరితిమి. నిషిద్ధ ద్రవ్యముల పట్టిక యున్నప్పటికి దానిని పల్లెటూరి అంగడి వఱకు తెచ్చు పరీక్షకులు చాలినంతమంది యుండవలెనని చివర చేర్చినది మా ప్రక్కయింటి మిరపకోతల మేస్త్రమ్మ. "కాయితం మీద ఉంటే ఏం లాభం, కొట్లోకి రావాలి గాని" అని ఆమె యన్న మాటనే కొంచెము మార్చి వ్రాసితిమి.

సంతకములు పెట్టువేళ ఎవరు ముందు పెట్టవలెనని కొంత మొగమాటము కలిగినది. మా ఆడపడుచు గదిలోనుండి వచ్చి కలము తీసికొన్నది. అప్పటికి ఆమె బిళ్లలు మాని పదునాలుగు నెలలు. తేనెమైనమును కొబ్బరినూనెతో కరగించి, చిటికెడంత నొసట అద్ది, దానిమీద ఇంట చేసిన కుంకుమ పెట్టుకొనుచున్నది. అదియు మచ్చకు కొంచెము పైగా. మచ్చ అంచులలో రంగు చుక్కలు చుక్కలుగా తిరిగి వచ్చినది. నడుమ నింకను తెల్లగానే యున్నది. సంబంధములు చూచువారికి ఇప్పుడు మేమే ముందుగా చెప్పుచున్నాము. ఒకరు వెనుదిరిగిరి, ఇంకొకరు ఆలోచించుచున్నారు. ఆమెయు ఆలోచించుచున్నది, బి.ఇడి. ప్రవేశపరీక్షకు కట్టినది.

అర్జీని నరసరావుపేటలో అధికారులకు సమర్పించి రసీదు తెచ్చుకొంటిమి. శివరాత్రి కోటప్పకొండ తిరునాళ్లకు గాజులు, బొట్లు, కాటుకల అంగళ్లు వరుసగా వెలయును. అంతకుముందే ప్రక్కగ్రామములవారి సంతకములతో రెండవ అర్జీ పంపవలెనని యత్నించుచున్నాము. మీరును వాడి పారవేయు అట్టలను, డబ్బీలను పారవేయక దాచి, వెనుకవైపు ఏమున్నదో, ఏమి లేదో ఒక కాగితముమీద వ్రాసి, మీ జిల్లాలోని ఔషధ తనిఖీ అధికారికి నకలొకటి పంపుడు. మచ్చయో, పుండో కలిగినవారు వైద్యులకు చూపినప్పుడు అట్టను తప్పక వెంట తీసికొనిపొండు.